కొలత నుంచి గీత దాకా

అంకెల పట్టికను గీతగా మార్చి చూపే అలవాటు 18వ శతాబ్దం చివర స్థిరపడింది. స్కాట్లండ్‌కు చెందిన విలియం ప్లేఫేర్ 1786లో ఇంగ్లండ్ ఎగుమతి దిగుమతుల లెక్కలను ఏళ్లవారీ గీతలుగా గీసి అచ్చు వేయించాడు. వృత్తాన్ని ముక్కలుగా విభజించి చూపే పై చార్టు కూడా 1801లో ఆయన పుస్తకంలోనే కనిపిస్తుంది. ఆ తర్వాత చాలాకాలం గ్రాఫు గీయడం చేతిపనిగానే సాగింది. గళ్ల కాగితం, నల్లసిరా, వంపుగీతల పలక పట్టుకుని డ్రాఫ్ట్స్‌మన్ గీసేవాడు. గీత ఎందుకలా వంగిందని అనుమానం వస్తే అతణ్నే అడిగేవారు. ఆ పని కంప్యూటరు చేతికి వచ్చాక అడగాల్సింది ప్రోగ్రామును. దాని జవాబు సోర్స్ కోడులో ఉంటుంది, ఆ కోడు చదివే వీలుంటేనే.

ఈ వీలు ఎంత అవసరమో హిస్టోగ్రామును చూస్తే తెలుస్తుంది. విలువలను ఎన్ని అరలుగా విడగొట్టాలో వాడేవారు చెప్పకపోతే పైథాన్‌లోని మ్యాట్‌ప్లాట్‌లిబ్ 10 అరలు తీసుకుంటుంది. ఆర్ భాషలోని జీజీప్లాట్2 30 తీసుకుంటుంది. ఆర్ మూలరూపంలోని హిస్ట్ ఫంక్షను డేటా పరిమాణాన్ని బట్టి స్టర్జెస్ సూత్రంతో లెక్కకడుతుంది. డేటా ఒక్కటే అయినా ఒకచోట ఒకే శిఖరం, మరొకచోట రెండు శిఖరాలు కనిపించవచ్చు. తప్పిపోయిన కొలతలను దాటవేయాలా, వాటిమీదుగా గీత కలపాలా? సమోన్నత రేఖలు గీసేటప్పుడు కొలతల నడుమ ఖాళీని ఏ లెక్కతో నింపాలి? ఇవన్నీ ఎవరో ఒకరు ఎక్కడో తీసుకున్న నిర్ణయాలే. ఓపెన్ సోర్స్‌లో ఆ నిర్ణయాలు బయటికి కనిపిస్తాయి, నచ్చకపోతే మార్చుకోవచ్చు.

ఈ ఓపెన్ సోర్స్ గ్రాఫు సాధనాల్లో పాతది గ్నూప్లాట్. 1986లో థామస్ విలియమ్స్, కోలిన్ కెల్లీ దీన్ని మొదలుపెట్టారు. అప్పటికి ఒకరు విద్యుదయస్కాంత శాస్త్రం, మరొకరు అవకలన సమీకరణాలు చదువుతున్నారు. సమీకరణం కంటికి కనిపిస్తే అర్థమవడం తేలికని ఇద్దరికీ తోచింది. పేరు చూసి చాలామంది దీన్ని గ్నూ ప్రాజెక్టులో భాగం అనుకుంటారు కానీ దానికీ దీనికీ సంబంధం లేదు. రచయితలు చెరొక పేరు అనుకుని, చివరికి మధ్యేమార్గంగా ఈ పేరు దగ్గర ఆగారు. లైసెన్సు కూడా కాస్త విచిత్రమైనది. మార్చిన మూలాన్ని మొత్తంగా పంచకూడదు, మార్పులను ప్యాచ్‌లుగా విడిగా ఇవ్వాలి.

గ్నూప్లాట్ నేర్పిన పెద్ద పాఠం గ్రాఫును ఆదేశాలుగా రాయడం. డేటా ఫైలు పేరు, ఏ నిలువు వరుసను ఏ అక్షం మీద పెట్టాలి, అక్షం మామూలుదా లాగరిథమిక్‌దా, పక్కన ఏం రాయాలి అన్నవన్నీ నాలుగైదు పంక్తుల్లో తేలిపోతాయి. ఫిట్ అనే ఆదేశం లెవెన్‌బర్గ్-మార్క్వార్డ్ పద్ధతిలో సమీకరణాన్ని కొలతలకు సరిపెట్టి, గుణకాలతో పాటు వాటి దోషపరిమితులనూ చెబుతుంది. మౌసుతో మెనూలు నొక్కి గీసిన గ్రాఫులో చేసిన పనుల జాడ మిగలదు. స్క్రిప్టుతో గీస్తే ప్రతి అడుగూ అక్షరాల్లో నిలుస్తుంది. సమీక్షకుడు రెండు కొలతలు తీసేసి మళ్లీ గీయమంటే ఆ స్క్రిప్టునే మరోసారి నడిపితే చాలు. ఆరేళ్ల తర్వాత మరో ప్రయోగశాల అదే పటాన్ని గీయాలన్నా దారి అదే. అక్షరాలతోనే గ్రాఫు గీసే డంబ్ అనే పాత టెర్మినల్ గ్నూప్లాట్‌లో ఇప్పటికీ ఉంది. దూరంలోని సర్వరు మీద పనిచేసేవారికి అది నేటికీ అక్కరకొస్తుంది.

మ్యాట్‌ప్లాట్‌లిబ్ పుట్టుక వైద్య పరిశోధనలో ఉంది. షికాగోలో మూర్ఛరోగుల మెదడు నుంచి తీసిన విద్యుత్ సంకేతాలను పరిశీలించేందుకు జాన్ హంటర్ మ్యాట్‌ల్యాబ్‌లో ఒక ప్రోగ్రాము రాశాడు. డేటా రకాలు, అది వచ్చే చోట్లు పెరిగేకొద్దీ అది బరువెక్కిపోవడంతో పైథాన్‌కు మళ్లాడు. అక్కడ దొరికిన గ్రాఫు సాధనాలేవీ తన అవసరాలకు సరిపోక సొంతంగా రాయడం మొదలుపెట్టాడు. తొలి విడుదల 2003లో వచ్చింది. పటం అచ్చుకు పనికొచ్చేలా ఉండాలి, టెక్ పత్రాల్లో ఇమడాలి, వేరే ప్రోగ్రాముల్లో పొదగడానికి వీలవ్వాలి, కోడు ఇతరులు చదివి పెంచుకోగలిగేంత సులువుగా ఉండాలి అని 2007లో రాసిన పత్రంలో తన అవసరాలను చెప్పుకున్నాడు. వీటిలో చివరిదే ఈ ప్రాజెక్టును నిలబెట్టింది. 2012 ఆగస్టు 28న 44 ఏళ్లకే హంటర్ క్యాన్సరు చికిత్సలో తలెత్తిన సమస్యలతో చనిపోయాడు. అప్పటికే కోడును లోతుగా ఎరిగినవాళ్లు ఉండడంతో పని ఆగలేదు. మైకేల్ డ్రోట్‌బూమ్, ఆ తర్వాత థామస్ కాస్వెల్ సారథ్యం తీసుకున్నారు.

లోపలి నిర్మాణం తెలిస్తే వాడకం సగం తేలికవుతుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో మొత్తం కాగితాన్ని ఫిగర్ అంటారు. దానిమీద అక్షాలతో కూడిన ఒక్కో గ్రాఫు చట్రం యాక్సీస్. గీత, చుక్క, అక్షరం, అక్షం మీది గుర్తు ఇలా కంటికి కనిపించేదంతా ఆర్టిస్ట్. వీటిని నిజంగా గీసేది బ్యాకెండ్. తెర మీదికి, పీఎన్‌జీకి పిక్సెళ్లుగా గీసేది ఒకటి, పీడీఎఫ్‌కు ఒకటి, ఎస్‌వీజీకి ఇంకొకటి. కొత్తవాళ్లు ఎక్కడో దొరికిన పంక్తులను అతికించుకుని పని గడుపుకుంటారు. ఈ నాలుగింటినీ వేరుచేసి చూడగలిగితే, ఏ గీతను ఎక్కడ పట్టుకుని మార్చాలో తడుముకోవాల్సిన అవసరం ఉండదు.

పత్రికకు పంపే పటంలో ఎక్కువగా కనిపించే లోపం కొలతది. నేచర్ పత్రికలో ఒక కాలమ్ వెడల్పు 89 మిల్లీమీటర్లు, రెండు కాలమ్‌లకు 183. తెర మీద 10 అంగుళాల వెడల్పున 10 పాయింట్ల అక్షరాలతో గీసిన పటాన్ని ఒక కాలమ్‌కు కుదిస్తే అక్షరం మూడున్నర పాయింట్లకు పడిపోతుంది, భూతద్దం లేకుండా చదవడం కష్టం. అచ్చులో ఎంత ఉంటుందో మొదటే అంత కొలతలో గీయడం ఒక్కటే దీనికి మందు. గీతలున్న పటానికి పీడీఎఫ్, ఎస్‌వీజీ వంటి వెక్టార్ రూపం మంచిది, ఎంత పెద్దది చేసినా అంచులు చెదరవు. అయితే లక్షల చుక్కలున్న పటాన్ని వెక్టార్‌గా దాస్తే ఫైలు తెరుచుకోవడానికే నిమిషాలు పడుతుంది. అలాంటప్పుడు చుక్కల పొరను మాత్రమే పిక్సెళ్లుగా మార్చి, అక్షాలను, అక్షరాలను వెక్టార్‌గా ఉంచే సదుపాయం మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ఉంది. పీడీఎఫ్‌లో అది, వేరేగా చెప్పకపోతే, అక్షరాలను టైప్ 3 ఫాంటుగా పొదుగుతుంది. కొన్ని ప్రచురణ సంస్థల తనిఖీలో అది నెగ్గదు, ఒక్క సెట్టింగు మార్చి టైప్ 42 చేయాలి. దోషసూచికలు ప్రామాణిక విచలనమా, ప్రామాణిక దోషమా అన్నది పటం కింద రాయడం మాత్రం గీసేవారి పనే, ఏ సాఫ్ట్‌వేరూ ఆ బాధ్యత తీసుకోదు.

ఈ సాఫ్ట్‌వేర్ల చరిత్రలో ఎక్కువ మేలు చేసిన మరమ్మతు రంగులది. ఉష్ణోగ్రత, పీడనం, కాంతి తీవ్రత వంటివాటిని రంగుల్లో చూపడానికి మ్యాట్‌ల్యాబ్‌లో చాలాకాలం జెట్ అనే ఇంద్రధనుస్సు వరుస ఉండేది. మ్యాట్‌ల్యాబ్ తీరును అనుసరించిన మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కూ అది సంక్రమించింది. ఆ వరుసలో వెలుగు ఒకే తీరుగా పెరగదు. లేత నీలం, పసుపు దగ్గర కాంతి ఒక్కసారి ఎగసి మళ్లీ పడిపోతుంది. డేటా మెల్లగా మారుతున్నచోట కూడా కంటికి అంచు ఉన్నట్టు తోస్తుంది. నలుపు తెలుపుల్లో అచ్చువేస్తే అతి తక్కువను చూపే ముదురు నీలం, అతి ఎక్కువను చూపే ముదురు ఎరుపు రెండూ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. ఐరోపా సంతతి పురుషుల్లో సుమారు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు, వాళ్లకు ఈ వరుస మరీ అయోమయం. అంటే లేని అంశాన్ని చూపించడం, ఉన్నదాన్ని దాచడం రెండూ ఒకే రంగుల పట్టీ చేసింది. అలవాటైపోయిందనే మాట తప్ప దాన్ని సమర్థించేందుకు గట్టి కారణం ఒక్కటీ లేదు.

మ్యాట్‌ల్యాబ్‌ను తయారుచేసే మ్యాథ్‌వర్క్స్ 2014లో జెట్ స్థానంలో పరూలా అనే వరుసను తెచ్చింది కానీ అది ఆ కంపెనీ సొత్తు. ఓపెన్ సోర్స్ వాళ్లు తమది తామే తయారుచేసుకోవలసి వచ్చింది. మనిషి కన్ను రంగుల తేడాను ఎంతగా గుర్తిస్తుందో లెక్కించే నమూనాను ఆధారం చేసుకుని నథానియెల్ స్మిత్, స్టెఫాన్ వాన్ డెర్ వాల్ట్ కొత్త వరుసలు రూపొందించారు. డేటాలో ఒక మెట్టు పెరిగితే కంటికీ ఒకే మెట్టు పెరిగినట్టు ఉండాలన్నది సూత్రం. 2015లో వాళ్లు చూపిన వాటిలో ఊదా నుంచి పసుపు దాకా సాగే విరిడిస్ 2017 జనవరిలో వచ్చిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2.0లో చెప్పకపోయినా వచ్చే వరుస అయింది. దాని మీద ఎవరికీ హక్కులు లేకుండా విడుదల చేశారు కాబట్టి ఆర్, జూలియా వంటి ఇతర భాషల సాధనాల్లోకీ అది పాకిపోయింది. వర్ణాంధత్వాన్ని మరింత దృష్టిలో పెట్టుకుని వేరే పరిశోధకులు రూపొందించిన సివిడిస్ ఆ వెంటే 2018లో చేరింది. గ్నూప్లాట్ కూడా 2015 నాటి 5.0 విడుదలలో గీతల రంగులను ఇదే దృష్టితో మార్చింది.

ఇంత పెద్ద మార్పు పాత పరిశోధనను తారుమారు చేయకుండా చూడటం వేరే నేర్పు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2.0లో పాత రూపాన్ని క్లాసిక్ అనే శైలిగా భద్రపరిచారు. ఒక్క పంక్తి చేరిస్తే పదేళ్లనాటి స్క్రిప్టు పాత రంగుల్లోనే గీస్తుంది. రంగు ఎంపిక ఎప్పుడూ గీసేవారిదేనని 2019 ఏప్రిల్ 10న విడుదలైన ఎం87 కృష్ణబిలం చిత్రం మరో విధంగా చూపించింది. అది 1.3 మిల్లీమీటర్ల రేడియో తరంగాల తీవ్రత, అసలు కంటికి కనిపించే రంగే కాదు. నారింజ వన్నె ఆ చిత్రాన్ని రూపొందించిన శాస్త్రజ్ఞులు ఎంచుకున్నది. ఆ చిత్రం గురించి వాళ్లు రాసిన పరిశోధన పత్రాల్లో, వాడిన సాఫ్ట్‌వేర్ల జాబితాలో మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఉంది.

ఇలాంటి సాఫ్ట్‌వేరును బాగుచేయడం అనగానే కోడు రాయడమే గుర్తొస్తుంది కానీ పని దానికి ముందే మొదలవుతుంది. లోపం కనిపించినవారు తమ పరిశోధన స్క్రిప్టంతా పంపితే ఎవరూ చదవరు. లోపాన్ని చూపే అయిదారు పంక్తుల చిన్న ఉదాహరణ, రావలసిన పటం, వచ్చిన పటం, సాఫ్ట్‌వేర్ వెర్షను ఇస్తే సగం పని అయినట్టే. అలా కుదించే క్రమంలో తప్పు తమ డేటాలోనే ఉందని తెలిసేవాళ్లూ తక్కువేం కాదు. దిద్దుబాటు రాశాక దాన్ని నిర్వాహకులు చదువుతారు, వాదిస్తారు, మార్చమంటారు. గ్రాఫు సాఫ్ట్‌వేర్‌లో పరీక్షించే తీరు కూడా ప్రత్యేకం. సరైనదని ముందే ఒప్పుకున్న పటాలను దాచిపెట్టి, కొత్త కోడు గీసిన పటాలను వాటితో పిక్సెల్ పిక్సెలుగా పోలుస్తారు. అక్షరాలు గీసే ఫ్రీటైప్ లైబ్రరీ వెర్షను మారినా అక్షరం అంచు కొద్దిగా జరిగి పరీక్ష తప్పుతుంది. అందుకే పరీక్షలకు ఒకే వెర్షనును కట్టుబాటు చేశారు. ఉన్న సదుపాయాన్ని తీసేయాలంటే ముందు హెచ్చరిక పెట్టి, కొన్ని విడుదలల తర్వాతే తొలగిస్తారు. ఈ నెమ్మది కొత్తవారికి విసుగు పుట్టిస్తుంది. సగంలో ఉన్న పీహెచ్‌డీ విద్యార్థికి మాత్రం అదే రక్ష.

తెలుగులో పటాలు గీయాలనుకునేవారికి ఇక్కడో చిక్కు ఎదురవుతుంది. యూనికోడ్‌లో ఉష్ణోగ్రత అనే మాటలోని ష్ణో ఒకే అక్షరంగా ఉండదు. ష, పొల్లు, ణ, ఓత్వం వరుసగా ఉంటాయి. వాటిని చదివి ణ-వత్తును కిందికి దించి, ఓత్వాన్ని పైన చేర్చే పనిని షేపింగ్ అంటారు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మొదటినుంచీ ఒక్కో సంకేతానికి ఒక్కో బొమ్మను పక్కపక్కన పేర్చే పద్ధతిలో నడిచింది. లాటిన్ లిపికి అది చాలు. తెలుగులో పొల్లు ఒకచోట, హల్లు ఒకచోట విడిపోయి మాట చదవరాకుండా పోతుంది. తెలుగు ఫాంటు మార్చినా లాభం లేదు, లోపం ఫాంటుది కాదు. హిందీ, బెంగాలీ, ఖ్మేర్ లిపుల వారిదీ ఇదే ఇబ్బంది. లిబ్‌రాక్మ్ అనే షేపింగ్ లైబ్రరీని కలిపి దీన్ని సరిచేసే పనిని ప్రాజెక్టు చేపట్టింది.

పాత వెర్షన్లతో పనిచేసేవారికి దగ్గరి దారులున్నాయి. ఎస్‌వీజీలో అక్షరాలను గీతలుగా మార్చకుండా అక్షరాలుగానే ఉంచమని చెబితే, తెరిచినప్పుడు బ్రౌజరే వత్తులను సరిగా కూరుస్తుంది. పీజీఎఫ్ బ్యాకెండ్ ద్వారా జీలాటెక్‌కు అప్పగించడం ఇంకో దారి. పీడీఎఫ్ నేరుగా కావాలంటే ఇదే తగినది. గ్నూప్లాట్‌లో పీడీఎఫ్‌కైరో, పీఎన్‌జీకైరో టెర్మినళ్లు అక్షరాల పనిని పాంగో లైబ్రరీకి వదిలేస్తాయి కాబట్టి నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటు పేరు ఇస్తే వత్తులు, గుణింతాలు సక్రమంగా వస్తాయి. ఆర్ వాడేవారు రాగ్ ప్యాకేజీతో ఇదే ఫలితం పొందవచ్చు. తెలుగు మాధ్యమ పాఠ్యపుస్తకానికీ పత్రికా వ్యాసానికీ పటం కావలసినప్పుడు ఆంగ్ల పటం మీద తెలుగు మాటలను ఫొటో ఎడిటరులో అతికించే పద్ధతికన్నా ఇవి ఎంతో మేలు. అంకె మారినప్పుడు అతికించిన మాట చెదిరిపోతుంది, స్క్రిప్టులోని మాట చెదరదు.

ఈ సాఫ్ట్‌వేర్లకు రుసుము లేదు కానీ నిర్వహణకు ఖర్చుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కు 2012లో ఏర్పడిన నమ్‌ఫోకస్ అనే లాభాపేక్షలేని సంస్థ ఆసరాగా ఉంది. దాని స్థాపక సభ్యుల్లో హంటర్ ఒకడు. గ్రాంట్లు ఇచ్చేవారు వాడకానికి రుజువు అడుగుతారు, పరిశోధన లోకంలో ఆ రుజువు ఉల్లేఖనమే. గ్రాఫు గీసిన సాధనం పేరు, వెర్షను, ఆధార పత్రం పరిశోధన పత్రంలో పేర్కొనడం అందుకే ఆచారమైంది. డేటా ఫైలు, స్క్రిప్టు, వెర్షను పేరు మూడూ పత్రంతో పాటు ఉంచితే ఆ పటాన్ని తిరిగి గీయడానికి రచయితకు ఉత్తరం రాయాల్సిన పని ఉండదు.