ఒకే శూన్యం, రెండు తీర్పులు: రైలు బ్రేకు, స్పోర్ట్స్ కారు సైలెన్సర్

ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్‌కు ఒక పక్క రైల్వే పట్టణం, ఇంకో పక్క ఐఐటీకి పోయే దారి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకు వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ పట్టణంలో ఎన్నో. క్యారేజీ, వ్యాగన్ విభాగాల్లో పనిచేసిన పాత తరానికి వ్యాక్యూం బ్రేకు రోజువారీ పని. అదే సూత్రం 2006 మోడల్ కార్వెట్ జెడ్06 లాంటి స్పోర్ట్స్ కార్ల సైలెన్సర్ వాల్వులను నడిపింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే, లోపం వెతకడంలో రైల్వే పద్ధతిదే పైచేయి అని నా అభిప్రాయం. ఒక్క విషయంలో మాత్రం కారు మెకానిక్ దగ్గర రైల్వే నేర్చుకోవలసింది ఉంది.

రెండింటికీ బలం బయటి గాలిదే. రైలులో ఇంజన్ మీది ఎజెక్టరో ఎగ్జాస్టరో బండి పొడవునా ఉన్న గొట్టంలోంచి గాలి తోడేస్తుంది. ఇంజన్ గేజీలో ముల్లు 53 సెంటీమీటర్ల (పాదరస మట్టం లెక్కలో) దగ్గర నిలవాలి. కారులో ఆ తోడే పని ఇంజన్ ఇన్‌టేక్ మానిఫోల్డే చేస్తుంది. ఇంజన్ ఆరోగ్యంగా ఉంటే ఐడిలింగ్‌లో అక్కడి శూన్యం కూడా దాదాపు 45 నుంచి 55 సెంటీమీటర్లే. అక్కడి నుంచి సన్నని రబ్బరు గొట్టం, గాలిని ఒకే దిక్కుకు పోనిచ్చే చెక్ వాల్వు, చిన్న నిల్వ డబ్బా, కరెంటుతో తెరుచుకునే సోలెనాయిడ్, చివర రబ్బరు పొర ఉన్న యాక్చుయేటర్. ఆ పొర కడ్డీని లాగితే సైలెన్సర్‌లోని రేకు మూతపడి చప్పుడు తగ్గుతుంది.

తేడా అంతా శూన్యం పోయినప్పుడు బయటపడుతుంది. రైలులో గొట్టం తెగినా, ప్రయాణికుడు చైను లాగినా గాలి లోపలికి దూరి బ్రేకులు పడతాయి. లోపం వస్తే బండి ఆగాలన్నది ఆ రూపకర్త తీర్పు. జెడ్06లో శూన్యం పోతే స్ప్రింగు రేకును తెరిచేస్తుంది. ఇంజన్‌కు ఊపిరి ఆడకపోవడం కంటే చప్పుడే నయమన్నది ఈ రూపకర్త తీర్పు. రెండూ సబబే. కానీ ఆగిన రైలును ఎవరూ ఉపేక్షించరు. గర్జించే కారును యజమాని ముచ్చటపడి అలాగే వదిలేస్తాడు. చిరిగిన గొట్టంలోంచి లెక్కలో లేని గాలి ఇంజన్‌లోకి చేరి, ఐడిలింగ్ తడబడి, చెక్ ఇంజన్ దీపం వెలిగేదాకా ఎవరికీ పట్టదు. లోపాన్ని చాటిచెప్పడంలో రైలు బ్రేకు నిజాయితీ కారుకు లేదు.

ఇక వెతికే తీరు. రైలులో ముల్లు 53కి ఎక్కకపోతే పనివాడు ప్రతి పెట్టె కిందా దూరడు. బండి మధ్యలో హోస్ పైపు విడదీసి, దాని నోరు మూసేలా డమ్మీ మీద బిగిస్తాడు. ముల్లు ఎక్కిందా, లీకు వెనక సగంలో ఉంది. ఎక్కలేదా, ముందు సగంలో. మళ్లీ ఆ సగాన్ని సగం చేస్తాడు. కారు గ్యారేజీల్లో తరచు జరిగేది వేరు: చప్పుడు వినగానే ఖరీదైన యాక్చుయేటరో, ఏకంగా సైలెన్సరో మార్చేయమంటారు. రైల్వే పద్ధతి కారుకూ అచ్చంగా సరిపోతుంది. సోలెనాయిడ్ నుంచి వెనక్కి పోయే గొట్టం ఊడదీసి చేతి వ్యాక్యూం పంపు తగిలించాలి. పంపు మీది ముల్లు నిలిస్తే ఆ గొట్టాలూ యాక్చుయేటర్ల పొరలూ బాగున్నట్టే. అప్పుడు ఫ్యూజు, సోలెనాయిడ్, నిల్వ డబ్బా, చెక్ వాల్వు చూడాలి. ముల్లు పడిపోతే రెండు యాక్చుయేటర్లలో ఒకదాని గొట్టం మూసి మళ్లీ లాగాలి.

చెక్ వాల్వు దగ్గర పోలిక ఇంకా బిగుస్తుంది. రైలు బ్రేకు సిలిండర్‌లో పిస్టన్ పై గదిలోని శూన్యాన్ని బాల్ వాల్వు కాపాడుతుంది. అది కారితే పడిన బ్రేకు కాసేపటికి సడలిపోతుంది. కారులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే మానిఫోల్డ్ శూన్యం దాదాపు సున్నా అవుతుంది. చెక్ వాల్వు కారితే నిల్వ కూడా దాంతోపాటే పోయి, మూసి ఉండాల్సిన రేకు తెరుచుకుంటుంది. ఐడిలింగ్‌లో అన్నీ సరిగ్గా ఉండి, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం వేళకాని వేళ చప్పుడు వస్తే ముందు అనుమానించవలసింది దీన్నే.

కారు మెకానిక్‌ది పైచేయి అయ్యే చోటు ఇది: ముల్లు నిలబడినా కడ్డీ కదలకపోవచ్చు. 53 సెంటీమీటర్ల శూన్యమంటే చదరపు సెంటీమీటరుకు 0.72 కిలోల ఒత్తిడి మాత్రమే. పొర వ్యాసం 5 సెంటీమీటర్లయితే మొత్తం లాగుడు సుమారు 14 కిలోలు. తుప్పూ మసీ పట్టిన రేకు దాన్ని తేలిగ్గా ఓడిస్తుంది. పంపు లాగుతూ కడ్డీని కళ్లతో చూసే మెకానిక్ లీకునూ రేకు బిగుసుకుపోవడాన్నీ అక్కడికక్కడే వేరుచేస్తాడు. ఇంజన్‌లోని గేజీకి ఆ చూపు లేదు. ఇంజన్ మారినప్పుడు కొత్తది పాతదానికంటే తక్కువ శూన్యం ఇస్తే, ముల్లు నిలకడగానే ఉంటుంది, చక్రాలు మాత్రం పట్టేసి ఉంటాయి. అప్పుడు ప్రతి పెట్టె దగ్గరికీ నడిచి బ్రేకు సడలించే రిలీజ్ లివరు లాగక తప్పదు.

చివరికి రెండు చోట్లా శూన్యం తప్పుకుంది. బరువైన పొడవాటి బండ్లకు ఆ ఒత్తిడి చాలక రైల్వే 5 కిలోల ఒత్తిడితో పనిచేసే గాలి బ్రేకుకు మారింది. కార్వెట్ తర్వాతి తరంలో విద్యుత్ మోటారు వచ్చింది. కానీ పద్ధతికి కాలం చెల్లలేదు. ముందు సగం చేసి లోపాన్ని ఒక మూలకు తరమాలి, ఆ మూలలో కడ్డీ కదలికను కంటితో చూడాలి, ఆ తర్వాతే భాగం మార్చాలి. మొదటిది రైల్వే నేర్పింది, రెండోది గ్యారేజీ నేర్పింది. మోటారుతో తిరిగే వాల్వుకైనా ఈ వరుసే సరైనది.