హక్కుకు జబాన్ ఏది?

వనపర్తి బస్టాండు దగ్గరి హోటల్లో ఒక ఖాలా నా ముందు కోర్టు కాగితం పెట్టింది. "ఇస్మే క్యా లిఖే, బేటా?" అంది. ఆమె వెంట వచ్చిన కురుమ ముసలాయన "ఏం రాసిండ్రు సాబ్?" అన్నాడు. ఇద్దరూ ఒకే ఇంటిజాగా దావాలో ప్రతివాదులు. కాగితం ఇంగ్లీషులో ఉంది. రెండు జబాన్లు, ఒకటే ప్రశ్న. ఆ పూట నేను జర్నలిస్టును కాదు, తర్జుమా చేసే మున్షీని.

హైదరాబాద్ పక్కన షామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 1998లో చట్టం చేసి పెట్టారు. హక్కుల మీద అక్కడ జరిగిన పనిని తక్కువ చేయలేం. అక్కడి ఆచార్యులు అమితా ధండా, ఐక్యరాజ్య సమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక చర్చల్లో పాల్గొన్నారు. అక్కడ బోధించిన కల్పనా కన్నబిరాన్, రాజ్యాంగంలోని వివక్ష వ్యతిరేక సూత్రాన్ని కులం, మతం, స్త్రీ, వైకల్యం కోణాల నుంచి పరిశీలిస్తూ 2012లో పెద్ద పుస్తకమే రాశారు. మన గురించి కూడా ఆలోచించిన చదువు అది. కాదనను.

నా తగాదా వేరే. ఆ చదువు మా దాకా ఏ భాషలో వస్తుంది? ప్రవేశ పరీక్ష ఇంగ్లీషు. పాఠం ఇంగ్లీషు. పరిశోధనలో అధిక భాగం ఇంగ్లీషు. నాగర్‌కర్నూల్ ఉర్దూ బడిలో చదివిన పిల్లకు, గద్వాల తెలుగు బడిలో చదివిన పిల్లవాడికి ఆ గేటు ఒకే ఎత్తులో కనిపిస్తుంది. మమ్మల్ని వదిలేసి మా గురించి నిర్ణయించొద్దు అని వికలాంగుల ఉద్యమం ప్రపంచానికి నేర్పింది. ఆ పాఠం భాషకు వర్తించదా?

ఇక్కడ మన ఇంటి సంగతీ మాట్లాడుకోవాలి. ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. న్యాయశాస్త్రం కూడా ఉర్దూలోనే చెప్పింది. దారుల్ తర్జుమా పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే. కానీ తెలుగు తప్ప వేరే తెలియని పాలమూరు రైతు ఆనాడు కచ్చేరీలో ఉర్దూ కాగితం పట్టుకొని ఎవరి ముఖం చూశాడు? ఈ నేలమీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలుగు కోసం ఆ ఆరాటాన్ని ముస్లింల మీద పగగా చదివితే మనం తప్పు చదివినట్టే. ఆనాటి రైతు మూగతనమే ఈనాడు ఖాలాకు వచ్చింది. ఆనాడు మన భాష గద్దె మీద ఉంది, ఈనాడు గడప బయట ఉంది. మూగతనం మాత్రం పేదవాణ్ణి వదల్లేదు.

ఉర్దూ పరాయిది అనేవాళ్లకు ఒక మాట. వకీలు, దావా, జామీను, ఫైసలా, నకలు. ఈ మాటలు లేకుండా ఏ రైతూ కోర్టు మెట్లెక్కడు. అసలు హక్కు అనే మాటే అరబ్బీ నుంచి వచ్చింది. మాట అందరిదైంది, మనిషే ఇంకా పరాయివాడు.

2007 చట్టంతో బీసీ-ఇ జాబితా వచ్చింది. అత్తరు సాయిబులు, ఫకీర్లు, ఖురేషీలు, షేక్‌లు అందులో చేరారు. దూదేకుల వాళ్లు అంతకుముందే బీసీ-బిలో ఉన్నారు. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నాలుగు శాతం నిలిచింది. పిల్లల సీట్లు, నౌకర్లు ఆ తీర్పుల మీద వేలాడాయి. అవి ఇంగ్లీషులో వచ్చాయి. ఎందుకు కొట్టేశారో, ఎందుకు నిలిపారో సర్టిఫికెట్ కోసం తహసీల్ ఆఫీసు ముందు నిలబడ్డ షేక్ పిల్లవాడికి ఎవరు చెప్పాలి?

ఇది భిక్ష అడగడం కాదు. నిర్బంధ కారణాలను మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలని హరికిషన్ కేసులో సుప్రీంకోర్టు 1962లోనే తేల్చింది. అర్థంకాని నోటీసు నోటీసే కాదనే నీతి అందులో ఉంది. న్యాయ విశ్వవిద్యాలయం ఈ నీతిని తన మీద తాను ప్రయోగించుకోవాలి. దారుల్ తర్జుమా లాంటిది ఒకటి పెట్టాలి, ఈసారి తెలుగు, ఉర్దూ రెండింటికీ. మన బతుకుల మీద రాసిన ప్రతి పరిశోధనా ఈ రెండు భాషల్లో మన చేతికి రావాలి. తప్పులుంటే మనం దిద్దాలి.

ఆ రోజు కాగితం చదివి చెప్పాను. పేషీ తారీఖు తప్పిందని తెలిసి ఖాలా ఏడవలేదు. "పైలే కౌన్ బీ నై బోలే" అంది. ముందు ఎవరూ చెప్పలేదట. ముసలాయన అదే మాట తెలుగులో అన్నాడు.