పరికరం, చూపు, ప్రమాణం: రైలుపట్టణపు ఛాయాచిత్రాలపై ఒక పరిశీలన

ఖరగ్‌పూర్‌లో కెమెరా చేతికి వచ్చిన ప్రతి అభిరుచి ఛాయాచిత్రకారుడూ ముందుగా తీసే చిత్రం ఒకటే: ప్లాట్‌ఫారం. దాని పొడవు 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి స్టేషన్లు దానిని మించిపోయేవరకు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పాఠ్యపుస్తకాలలో చదివించిన ప్లాట్‌ఫారం అది. కనుక ఔత్సాహికుడు ఒక కొసన నిలబడి, రెండవ కొస వైపు కెమెరా గురిపెట్టి మీట నొక్కుతాడు. ఫలితం దాదాపు ప్రతిసారీ నిరాశే. చిత్రంలో పొడవు కనిపించదు. ఏ చిన్న స్టేషను ప్లాట్‌ఫారమైనా అలాగే ఉంటుంది. అప్పుడతడు తప్పును కెమెరా మీదికి నెట్టి, ఇంకా ఖరీదైన లెన్సు కోసం డబ్బు కూడబెట్టనారంభిస్తాడు.

ఈ నిరాశ చిన్న విషయమేమీ కాదు. ఖరగ్‌పూర్ పట్టణాన్ని నిర్మించినది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. ఆ సంస్థ వర్క్‌షాపులలోను, లోకో షెడ్లలోను పనికోసం ఉత్తర కోస్తా జిల్లాల నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. ఝపటాపూర్ అటువంటి పేటలలో ఒకటి. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, కార్యాలయంలో బెంగాలీ, ఆంగ్లం మాట్లాడుకునే ఈ పేటల జీవితాన్ని గురించి తెలుగు సాహిత్యం రాసినది స్వల్పం. బయటినుంచి వచ్చే వృత్తి ఛాయాచిత్రకారులకు ఇక్కడ రైలు కనిపిస్తుంది గాని, రైలుకు బోల్టు బిగించిన మనిషి కనిపించడు. కనుక ఆ జీవితానికి దృశ్యసాక్ష్యం మిగలాలంటే అది అభిరుచి ఛాయాచిత్రకారుల చేతనే మిగలాలి. వారి చిత్రాల గుణదోషాలను విమర్శక దృష్టితో పరిశీలించవలసిన అవసరం ఇక్కడే ఉన్నది.

ముందుగా ప్లాట్‌ఫారం సంగతే చూద్దాం. చూసేవాని కంటి ఎత్తు నేలనుంచి సుమారు 1.6 మీటర్లు. 50 మి.మీ. లెన్సుతో 35 మి.మీ. ఫిల్ము మీద చిత్రం తీస్తే, నూరు మీటర్ల అవతల మొదలయ్యే నేల అంతా, అనగా ప్లాట్‌ఫారంలో పదింట తొమ్మిది వంతులు, 24 మి.మీ. ఎత్తుగల ఫ్రేములో ముప్పాతిక మిల్లీమీటరు కంటె ఎక్కువ చోటు ఆక్రమించదు. ఆ కొసన నిలబడిన మనిషి మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండడు. ‘మొత్తం పట్టాలి’ అనుకుని 24 మి.మీ. లెన్సు తగిలిస్తే ఆ ముప్పాతిక కూడా సగానికి పడిపోతుంది. 200 మి.మీ. లెన్సుతో దూరం కొంత పెద్దదై మూడు మిల్లీమీటర్లకు చేరుతుంది గాని, దగ్గరి నేల చిత్రం నుంచి తప్పుకుంటుంది. కొలత మనసులో లేనప్పుడు ఏ లెన్సూ పొడవును చూపలేదు. దాన్ని చూపించగలిగేది మనిషే. నెత్తిన మూట, చంకన బిడ్డతో చివరి బోగీ కోసం నడుస్తున్న తల్లిని దగ్గరగా తీసి, ఆమె వెనుక ఒకదాని వెంట ఒకటిగా బోగీల తలుపులు కనిపించనిస్తే, ఆ నడకలో ప్లాట్‌ఫారం పొడవు మొత్తం ఉంటుంది. దూరాన్ని శ్రమగా అనువదించడమే కూర్పు.

పరికరానికి విలువ లేదని దీని అర్థం కాదు. పరికరం అవకాశాన్ని ఇస్తుంది, హద్దును కూడా విధిస్తుంది. 1925లో మార్కెట్టుకు వచ్చిన లైకా కెమెరా చేతిలో ఇమిడినందువల్లనే హెన్రీ కార్టియే-బ్రెస్సాన్ 1932లో పారిస్ సెయింట్-లజార్ స్టేషను వెనుక నీటిగుంట దాటుతున్న మనిషిని గాలిలో పట్టుకోగలిగాడు. మన దేశంలో మధ్యతరగతి ఇళ్ళకు ఆగ్ఫా క్లిక్ వంటి సాదా పెట్టె కెమెరాలు వచ్చిన కాలంలో, ఉదకమండలంలోని హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో ఫిల్ము తయారుచేసిన కాలంలో, ఒక చుట్టకు పన్నెండు చిత్రాలే. ఆ కొరత మనిషిని ఆలోచింపజేసింది. ఈనాడు చేతిఫోను వేల చిత్రాలు తీస్తుంది. కొరత పోయింది, దానితోపాటు ఆలోచన కూడా పలచబడింది. మంచి సాధనకు నేడు కావలసినది కొత్త కెమెరా కంటె ముందు ఒక స్వయంనియమం: ఒకే లెన్సుతో, ఒకే వీధిలో, ఒక నెలపాటు పనిచేయడం.

ఈ క్రమశిక్షణకు తెలుగుదేశానికి సన్నిహితమైన ఉదాహరణ రాజా దీన్ దయాళ్ (1844–1905). ఆయన రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రజాపనుల శాఖ ఉద్యోగిగా ఉంటూ 1874 ప్రాంతంలో అభిరుచిగా కెమెరా పట్టారు. ఆ తరువాతనే ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, 1894లో ‘రాజా’ బిరుదు పొందారు. ఆయన తీసిన కట్టడాల చిత్రాలలో స్తంభాలు నిట్టనిలువుగా ఉంటాయి, మెట్ల వరుస కంటిని ఎక్కడికి తీసుకుపోవాలో అక్కడికే తీసుకుపోతుంది. నక్షాలు గీచిన చేతికి గీత విలువ తెలుసునన్నమాట. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరు, టర్నరు, డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసినవారి చేతులకు కూడా అటువంటి కొలతే తెలుసు. వెయ్యో వంతు అంగుళాన్ని గుర్తించే కన్ను కెమెరా పట్టగానే సూర్యాస్తమయాల వెంట పరుగెత్తడం విచారకరం.

ఇక అమరికల సంగతి. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు సెకనుకు 25 మీటర్లు కదులుతుంది. సెకనులో 250వ వంతు షట్టర్ వేగానికి అది 10 సెంటీమీటర్లు, 1000వ వంతుకు రెండున్నర సెంటీమీటర్లు జరుగుతుంది. రైలు అడ్డంగా పోతున్నప్పుడు ఈ కదలిక పూర్తిగా చిత్రంలో పడుతుంది, ఎదురుగా వస్తున్నప్పుడు చాలా తక్కువగా పడుతుంది. అందరూ దీన్ని లోపంగానే చూస్తారు. కాని 30వ వంతు వేగంతో, కెమెరాను కదపకుండా తీస్తే రైలు ఒక గీతల ప్రవాహమవుతుంది, గేటు వద్ద సైకిలు పట్టుకుని ఆగిన మనిషి నిశ్చలంగా నిలుస్తాడు. ఎవరు కదులుతున్నారు, ఎవరు ఆగిపోయారు అన్న ప్రశ్న ఆ చిత్రంలో దానంతటదే పుడుతుంది. షట్టర్ వేగాన్ని ఎన్నుకోవడం సాంకేతిక నిర్ణయంగా మొదలై అర్థనిర్ణయంగా ముగుస్తుంది.

వెలుతురును కొలిచే మీటరు విషయంలో పొరపాటు మరింత సామాన్యం. మీటరు తనకు ఎదురైన ప్రతిదాన్నీ మధ్యరకం బూడిదరంగుగా భావిస్తుంది. నల్లని ఇంజను ఫ్రేమును నింపితే దానిని తెల్లబరచి బూడిద చేస్తుంది, సున్నం వేసిన గోడను మసకబరచి అదే బూడిదకు దించుతుంది. మొదటి సందర్భంలో వెలుతురును ఒక స్టాపు తగ్గించాలి, రెండవదానిలో ఒక స్టాపు పెంచాలి. రేకుల షెడ్డులో వెనుక ద్వారం మండిపోతుండగా ముందున్న పనివాని ముఖం నల్లని మచ్చగా మిగలడం కూడా ఈ కారణంగానే. దానికి ఫ్లాష్ ఒక్కటే మందు కాదు. ఆ మనిషిని ద్వారానికి రెండడుగుల దూరంలో, వెలుతురు వైపు తిరిగి నిలబడమని మర్యాదగా కోరవచ్చు. 50 మి.మీ. లెన్సును 5 మీటర్లకు సరిచేసి, అపర్చరు 8 వద్ద ఉంచితే సుమారు మూడున్నర మీటర్ల నుంచి తొమ్మిదిన్నర మీటర్ల వరకు స్పష్టత ఉంటుంది. అప్పుడు మనిషీ, అతని వెనుక యంత్రమూ ఇద్దరు బంధువుల వలె ఒకే చిత్రంలో నిలుస్తారు. ముఖం ఒక్కటే స్పష్టంగా ఉంచి వెనుకదంతా కరిగించే నేటి మోజు, పనివానిని అతని పనినుంచి వేరుచేస్తున్నది.

రైలును తీయడమంటే రైలు చుట్టూ ఉన్న బ్రతుకును తీయడమని నిరూపించిన కళాకారుడు అమెరికాకు చెందిన ఓ. విన్‌స్టన్ లింక్. నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైలుమార్గంపై ఆవిరి ఇంజన్లు అంతరించిపోనున్నాయని గ్రహించి 1955 నుంచి 1960 వరకు ఆయన రాత్రివేళల ఫ్లాష్ బల్బుల వరుసలు అమర్చి చిత్రాలు తీశాడు. పరికరాల భారం అపారం. అయినా ఆయన 1956లో తీసిన ప్రసిద్ధ చిత్రంలో కంటికి ముందు కనిపించేది ఇంజను కాదు, ఆరుబయట సినిమా చూస్తూ కారులో కూర్చున్న యువతీయువకులు. ఇంజను వారి వెనుకగా పొగ చిమ్ముతూ పోతుంది. ఆయన చిత్రాల కోసం రొనోక్ నగరంలోని పాత రైల్వే స్టేషనులోనే 2004లో మ్యూజియం వెలసింది. 1902లో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ రైల్‌యార్డు చిత్రానికి ‘మానవ హస్తం’ అని పేరు పెట్టడంలోని భావం కూడా ఇదే. పొగ వెనుక చేయి ఉన్నదని ఆ పేరు గుర్తుచేస్తుంది.

ఈ ప్రమాణంతో చూసినప్పుడు రైలుపట్టణపు చిత్రాలలో ఏమి లోపించినదో తేలికగా తెలుస్తుంది. పండుగ ఊరేగింపులు, ముగ్గులు, దసరా బాణసంచా కావలసినన్ని ఉంటాయి. షిఫ్టు ముగిసి సైకిళ్ళ మీద తిరిగివచ్చే గుంపు, క్వార్టరు వెనుక పెరటిలో ఆరవేసిన నూనె మరకల ఖాకీ చొక్కా, మనుమరాలికి తెలుగు అక్షరాలు దిద్దించే అమ్మమ్మ చేయి ఉండవు. అవి అందంగా ఉండవన్న అపోహే దానికి కారణం. ఇంట్లో ఎప్పుడూ ఉండేవాటికి చిత్రమెందుకని అనుకోవడం మరొకటి. ఆవిరి ఇంజన్లు కూడా ఒకప్పుడు ఎప్పుడూ ఉండేవే.

మరొక లోపం చిత్రం తీసిన తరువాతిది. వెనుక పేరు, తేదీ, స్థలం రాయని ఫోటో ఒక తరం గడిచేసరికి అపరిచితుల గుంపు అవుతుంది. దీన్ దయాళ్ తీసిన 2857 గాజు నెగటివులను ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించి కాపాడినందువల్ల వాటిని నేటికీ చదవగలుగుతున్నాము. రాజుల చిత్రాలకు లభించిన ఈ రక్షణ కార్మికుల ఇళ్ళలోని ఆల్బములకు కూడా లభించాలి. అందుకు భారీ వ్యయం అక్కరలేదు. వానాకాలపు తేమకు ఒకదానికొకటి అంటుకుపోకముందే వాటికి నకళ్ళు తీయించి, పెద్దలను అడిగి పేర్లు రాయించి, ఏదైనా గ్రంథాలయంలో భద్రపరచవచ్చు. రైల్వే, సాంస్కృతిక శాఖల అధికారులు పూనుకుంటే, అభిరుచి ఛాయాచిత్రకారులే ఈ పనికి సహజమైన కార్యకర్తలవుతారు.

లెన్సులు మారుతాయి, ఫిల్ము పోయి ఫోను వచ్చింది, రేపు మరొకటి రావచ్చు. ప్లాట్‌ఫారం కొసన నిలబడిన యువకుడు మాత్రం తనను తాను అదే ప్రశ్న అడుగుకోవాలి: ఈ పొడవంతా ఎవరు నడిచారు? సమాధానం ఇంట్లో, నాన్న చెప్పుల అరుగుదలలో ఉండవచ్చు. ముందుగా ఆ చెప్పులను కిటికీ వెలుతురులో తీయగలిగితే, ప్లాట్‌ఫారం చిత్రం తరువాత దానంతటదే వస్తుంది.