‘చేయవచ్చు’, ‘చేయగలరు’: అనుమతి తనిఖీ సాధనాల వివరణ పత్రాలపై ఒక విమర్శ

వినియోగదారుల అనుమతులను తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్ సాధనం ఒకే రకం ప్రశ్నకు సమాధానం చెబుతుంది: ఫలానా వ్యక్తి ఫలానా ఫైలును చదవవచ్చా, మార్చవచ్చా? దాని వివరణ పత్రం చేయవలసిన పని ఇంకొకటి. ఆ సమాధానాన్ని ఎంతవరకు నమ్మాలో అది చెప్పాలి. ఈ దృష్టితో రెండు ప్రసిద్ధ పత్రాలను పరిశీలిద్దాం.

ముందు విషయం ఎంత దగ్గరిదో గమనించండి. పల్నాడు జిల్లా అమరావతి మండలంలోని రైతు ‘మీభూమి’ పోర్టల్‌లో తన అడంగల్ చూసుకోవచ్చు. అందులో సవరణ కావాలంటే రెవెన్యూ కార్యాలయం ద్వారానే జరగాలి. అంటే రైతుకు ఉన్నది చదివే అనుమతి, కార్యాలయానికి ఉన్నది రాసే అనుమతి. ఇటువంటి వ్యవస్థలో రాసే అనుమతి ఏయే లాగిన్లకు ఉందో తనిఖీ చేసే ఉద్యోగి, సాధనం ఇచ్చిన జాబితాను తప్పుగా అర్థం చేసుకుంటే నష్టం ఆ ఉద్యోగిది కాదు, సర్వే నంబరు మారిపోయిన రైతుది.

మొదటిది లినక్స్ మాన్యువల్‌లోని ‘యాక్సెస్’ పుట. ఒక ఫైలుపై అనుమతి ఉందో లేదో ప్రోగ్రాములు అడిగి తెలుసుకొనే సిస్టమ్ కాల్ ఇది. తనిఖీ ‘అసలు’ వినియోగదారు గుర్తింపుతో జరుగుతుందనీ, ఫైలును నిజంగా తెరిచేటప్పుడు మాత్రం ‘అమలులో ఉన్న’ గుర్తింపును చూస్తారనీ ఈ పుట స్పష్టంగా చెబుతుంది. తేడా అర్థం కావడానికి ఒక పోలిక చెప్పుకొందాం. రైతు అడిగితే రికార్డు అసిస్టెంటు బీరువా తెరుస్తాడు. తెరిచే అధికారం అసిస్టెంటుది. అయితే అడిగిన రైతుకు ఆ కాగితం చూసే హక్కు ఉందా? ‘యాక్సెస్’ అడిగేది ఈ రెండవ ప్రశ్న. ఎవరి తరఫున పనిచేస్తున్నామో ప్రోగ్రాము మరచిపోకుండా ఉండటానికే ఈ ఏర్పాటు.

ఈ పుటలో నాకు బాగా నచ్చినది దాని నిజాయితీ. తనిఖీ చేసి ఆ తరువాత ఫైలు తెరిస్తే, ఆ రెండింటి మధ్య దొరికే క్షణంలో వినియోగదారు ఫైలును మార్చివేయగలడనీ, కాబట్టి భద్రత కోసం ఈ కాల్‌ను వాడకపోవడమే మంచిదనీ అది హెచ్చరిస్తుంది. తాను వివరించే సాధనాన్నే వాడవద్దనే పత్రాలు ఎన్ని ఉంటాయి? డైరెక్టరీకి రాసే అనుమతి ఉందంటే అందులో కొత్త ఫైళ్లు సృష్టించవచ్చని అర్థమే గాని, డైరెక్టరీనే ఫైలులాగా రాయవచ్చని కాదనీ వివరిస్తుంది. 1971 నాటి తొలి యునిక్స్ మాన్యువల్‌లోనే లోపాలకు ఒక ప్రత్యేక శీర్షిక ఉండేది. ఈ పుట ఆ సంప్రదాయానికి వారసురాలు. నా అభ్యంతరం ఒక్కటే: అంత ముఖ్యమైన హెచ్చరిక పుట కింది భాగంలో ఉంది. తొందరలో ఉన్న ప్రోగ్రామరు అంత దూరం చదవడు.

రెండవది విండోస్ కోసం మార్క్ రస్సినోవిచ్ రాసిన ‘యాక్సెస్‌చెక్’ పత్రం. సిస్‌ఇంటర్నల్స్‌ను 2006లో మైక్రోసాఫ్ట్ తీసుకున్నప్పటి నుంచి దాని సాధనాలను ఆ సంస్థే అందిస్తున్నది. ఈ పత్రానికి బలం ఉదాహరణలు. సాధారణ వినియోగదారుల బృందానికి ఏ విండోస్ సర్వీసులపై రాసే అనుమతి ఉందో ఒక్క ఆదేశంతో ఎలా తెలుసుకోవాలో చూపుతుంది. సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు మనసులో ఉండే ప్రశ్న అదే. అయితే ఒక ఖాతా పేరు ఇస్తే ఆ ఖాతాకు వర్తించే అనుమతులు చూపుతుంది, ఇవ్వకపోతే ఆ వస్తువు భద్రతా వివరణలో పేర్కొన్న ఖాతాలన్నింటికీ చూపుతుంది. ఫలితం అర్థం మొత్తం ఆధారపడిన ఈ సంగతి ఆప్షన్ల పట్టిక తరువాత ఒకే వాక్యంలో వస్తుంది. చదివే అనుమతికి, రాసే అనుమతికి చెరొక అక్షరం, రెండూ లేకపోతే ఖాళీ. ఖాళీ అంటే ‘లేదు’ అని తెలియనివాడు ‘తనిఖీ కాలేదు’ అనుకోడా? సాధనం మంచిదే. దాని పరిమితుల గురించి పత్రం మౌనంగా ఉంది.

ఇక తెలుగులో ఇటువంటి పత్రం రాయబోయేవారికి ఇంగ్లీషు పత్రాలు నేర్పని చిక్కు ఒకటుంది. ‘తహసీల్దారు ఈ రికార్డును మార్చవచ్చు’ అన్న వాక్యాన్ని చూడండి. మార్చే అనుమతి ఉందని ఒక అర్థం, బహుశా మారుస్తారేమో అని మరొక అర్థం. ‘మార్చగలరు’ అంటే సామర్థ్యం. సర్వరు పనిచేయకపోతే అనుమతి ఉన్నవారు కూడా మార్చలేరు. లాగిన్ దొంగిలించినవారు అనుమతి లేకుండానే మార్చగలరు. తనిఖీ సాధనం చెప్పేది అనుమతి గురించి మాత్రమే. అందుచేత ‘తహసీల్దారుకు మార్చే అనుమతి ఉంది’ అని రాయడం మేలు. ‘యాక్సెస్’ను ‘ప్రవేశం’ అని అనువదించడం కూడా నాకు సమ్మతం కాదు. గదిలోకి ప్రవేశించడం వేరు, అక్కడి రిజిస్టరులో రాయడం వేరు. ‘చదివే అనుమతి’, ‘రాసే అనుమతి’ అని విడదీసి రాయండి.

పేర్ల విషయంలోనూ ఇంత జాగ్రత్త అవసరం. 2022 జిల్లాల పునర్విభజన తరువాత అమరేశ్వరాలయం ఉన్న పాత అమరావతి పల్నాడు జిల్లాలో ఉంది, అదే పేరుగల రాజధాని ప్రాంతం గుంటూరు జిల్లాలో ఉంది. ‘అమరావతి లాగిన్’ అని మాత్రమే రాసిన పత్రం ఏ కార్యాలయం అనుమతులను చూపుతున్నదో చదువరికి తెలియదు. జిల్లా, మండలం, తనిఖీ చేసిన తేదీ, సమయం ప్రతి ఫలితం పైన ఉండాలి. నిన్నటి జాబితా నిన్నటి అనుమతులనే చెబుతుంది.