పార్వతీశము తొలిచూపు

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టరు పార్వతీశము’ ప్రథమభాగము 1924లో వెలువడినది మొదలు తెలుగు పాఠకులు దానిని చదివి నవ్వుచునే యున్నారు. అయితే ఆ నవ్వే గ్రంథమునకు గొంత యపకారమును జేసినది. పల్లెటూరివాని తెలివితక్కువను బ్రదర్శించు ప్రహసనముగా మాత్రమే దానిని గ్రహించుట పరిపాటి యైనది. చదువునకై పరదేశమేగు విద్యార్థి మనస్సున తొలిచూపు ఎట్లేర్పడునో తెలుపుటయందే దాని విశేష మున్నది.

ఈ విషయమును నిర్ణయించుటకు గాంధీమహాత్ముని ఆత్మకథలోని లండను ప్రకరణములు మంచి యొరగల్లు. 1888 సెప్టెంబరు 4వ తేదీన బొంబాయిలో నోడ యెక్కునాటికి గాంధీకి పందొమ్మిదేండ్లు నిండలేదు. ఆయనయు బారిష్టరు చదువునకే వెడలెను. సౌతాంప్టనున తెల్లని ఫ్లానెలు దుస్తులతో దిగి, అట్టివి ధరించినవాడు తానొక్కడే యని గ్రహించి సిగ్గుపడెను. ఆ సాయంకాలమే చూడవచ్చిన డాక్టరు మెహతా టోపీని చేతబట్టి, దాని నూగును ఎదురుగా నిమిరెను. మెహతా కొంచెము కినుకతో వారించి, ఒరుల వస్తువులను ముట్టరాదనియు, తొలిపరిచయముననే ప్రశ్నలు వేయరాదనియు, బిగ్గరగా మాట్లాడరాదనియు ఐరోపా మర్యాదలను బోధించెను.

పార్వతీశమునకును టోపీతోనే చిక్కు. ప్రయాణమునకై అతడు కొన్న దొరటోపీ స్త్రీలు ధరించునది. రెండు పొరపాట్లును ఒకే జాతివి. ఫలితములు మాత్రము వేరు. గాంధీ పొరపాటు ఆ క్షణముననే పాఠమైనది. చెప్పుటకు పెద్దవా డొకడు చెంత నుండెను. అంతకన్న ముఖ్యముగా, మద్యమాంసములను పరస్త్రీని ముట్టనని తల్లికొఱకు జేసిన ప్రతిజ్ఞ వెంట నుండెను. ఫారింగ్డన్ వీథిలో శాకాహారశాల కనబడువరకు అర్ధాకలితో నున్నను ఆ ప్రతిజ్ఞ చెడలేదు. క్రొత్తగా గన్న ప్రతివస్తువును తూచుట కది త్రాసైనది.

పార్వతీశ మట్లుగాక ఇంట జెప్పకయే మొగలితుర్రు విడిచినవాడు. అతనికి ప్రతిజ్ఞ లేదు. వెంట హితోపదేశకుడును లేడు. ఊరి యలవాట్లే అతని త్రాసు. కావున అతని తొలిచూపు నీతిపాఠముగా మారక, చూపుగానే నిలిచినది. తన కథను తానే చెప్పుకొను నాయకుని నోట గ్రంథకర్త ఉపన్యాసమును బెట్టలేదు. తీర్పు పాఠకునిది. ఆత్మకథ యన్ననో 1925లో ‘నవజీవన్’ పత్రికయందు ప్రకటితము కాదొడగినది. ముప్పదియేడేండ్లు గడచిన పిమ్మట, పండిన దృష్టి పిన్నవానిని జూచి దిద్దుచున్నది.

ఒక్కని నెత్తిన ఇన్ని పొరపాట్లు కుప్పవోయుట అసహజమని యాక్షేపింపవచ్చును. కొన్నియెడల నది సమంజసమే. నవ్వించు తమకమున పాత్ర పలుచబడుటయు గలదు. అయినను ఆ పొరపాట్లలో పెక్కింటికి మూలము మూర్ఖత గాదు, తెలియదని చెప్పుటకు వెఱపు. ఇతరులకు దెలిసినది తనకు దెలియదని బయటపడునేమో యను జంకు చదువుకొన్న యువకునకే యెక్కువ. ఇంగ్లండునకు నోడ యెక్కిన కాలము పోయి, నేడు వేలకొలది తెలుగు విద్యార్థులు విమానములలో అమెరికాకు బోవుచున్నను, ఆ జంకు వారిని వీడలేదు.

విద్యార్థి యెట్లు కావలెనో గాంధీ ప్రకరణములు తెలుపును. తొలినాడు ఎట్లుండునో పార్వతీశము తెలుపును. రెండవదానిని కేవల హాస్యమని త్రోసివేయుట, నవ్వి మఱచుటయే యగును గాని విమర్శ కాదు.