గొట్టంలో నెత్తురు, అట్ట మీద నెత్తురు

కొండాపురంలో ఫిట్స్‌కు ఫెనిటాయిన్ మాత్రలు వాడే మనిషి రక్తంలో ఆ మందు ఎంత ఉందో తెలియాలంటే శాంపిల్ ఊరు దాటాలి. ప్రొద్దుటూరు, కడప, అక్కడా కుదరకపోతే హైదరాబాదు. ఎండలు 40 డిగ్రీలు దాటే సీమలో ఆ ప్రయాణం కూడా పరీక్షలో భాగమే. నెత్తురు వెళ్లడానికి రెండు దారులున్నాయి. రంగు మూతల ట్యూబు మనందరికీ తెలిసిందే. రెండోది, వేలి చివర నుంచి చుక్కలు రాల్చి ఆరబెట్టే వడపోత కాగితపు అట్ట. పసిపిల్లల పరీక్ష కోసం 1963లో రాబర్ట్ గత్రీ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. హెచ్‌ఐవీ ఉన్న తల్లుల బిడ్డలకు తొలి పరీక్ష చేయడానికి మన దేశంలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) కూడా ఈ అట్టనే వాడింది.

ట్యూబు ఉదారమైనది. కావలసినంత రక్తం ఇస్తుంది, అనుమానం వస్తే మళ్లీ పరీక్షించుకోనిస్తుంది. అయితే లోపల ఏముందో చూడకుండా వాడితే తప్పు చెబుతుంది. సీరాన్ని వేరుచేసే జెల్‌లో కొన్ని రకాలు ఫెనిటాయిన్‌ను పీల్చుకుంటాయి. నిలవ ఉన్నకొద్దీ అంకె తగ్గుతుంది. మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు ఉండాల్సిన మందు నిజంగా 11 ఉండి, రిపోర్టులో 9 అని పడిందనుకోండి. డాక్టరు మోతాదు పెంచుతారు. ఈ మందు స్వభావం ఏమిటంటే, మోతాదు కాస్త పెరిగినా రక్తంలో ఒక్కసారిగా ఎగబాకుతుంది, మనిషి తూలుతాడు. జెల్ ట్యూబు అంకెను తగ్గిస్తుంటే, లిథియం హెపారిన్ వేసిన ఆకుపచ్చ మూత ట్యూబు దీనికి ఎదురు. లిథియం మందు వాడే రోగి రక్తాన్ని అందులో తీస్తే, ఒంట్లో లేని లిథియం కూడా లెక్కలోకి వస్తుంది.

అట్టకు ఈ బాధలు లేవు. నీడలో, బల్లపరుపుగా, సుమారు మూడు గంటలు ఆరితే చాలు. తేమ పీల్చే పొట్లంతో కవర్లో పెట్టి పంపవచ్చు. చాలా మందులకు ఐసు అక్కర్లేదు. త్వరగా ఆరుతుందని ఎండలో పెట్టడం మాత్రం నేరం. మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న మెథోట్రెక్సేట్ మందు వెలుతురుకే చెడుతుంది. దాని శాంపిల్ ట్యూబులో ఉన్నా చీకట్లోనే ఉంచాలి.

అట్టకున్న పెద్ద చిక్కు రక్తహీనత. పలచని చారు విస్తట్లో పారినట్టు పలచని రక్తం కాగితం మీద ఎక్కువ దూరం పాకుతుంది. అందులోంచి కత్తిరించిన బిళ్లలో రక్తం తక్కువ, కాబట్టి మందూ తక్కువగా కనిపిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనులే. అంటే ఈ చిక్కు మన ఇంటిదే.

ఇంత తేడా ఉన్నా బంధుత్వమూ ఉంది. మూత్రపిండం మార్పిడి జరిగినవాళ్లు వాడే టాక్రోలిమస్ ఎక్కువగా ఎర్ర కణాలనే అంటిపెట్టుకుంటుంది. అందుకే దాన్ని సీరంలో కాక ఊదా మూత ట్యూబులోని మొత్తం రక్తంలో కొలుస్తారు. అట్ట మీద ఉన్నదీ మొత్తం రక్తమే. ఆ మందును నరంలోకి ఎక్కించిన గొట్టం నుంచే రక్తం తీస్తే ట్యూబులో అంకె అబద్ధంగా పెరుగుతుంది. అలాగే మాత్ర పట్టుకున్న వేలిని కడగకుండా గుచ్చితే అట్ట మీదా పెరుగుతుంది.

నా తీర్పు ఇది: టాక్రోలిమస్ లాంటి వాటికి, రక్తహీనతను లెక్కలోకి తీసుకునే ల్యాబు దొరికితే, కొండాపురం లాంటి ఊళ్లకు అట్టే మేలు. సీరంలో కొలిచే ఫెనిటాయిన్‌కు జెల్ లేని ఎర్ర మూత ట్యూబే నమ్మకం. ట్యూబుకైనా అట్టకైనా వేళ ముఖ్యం. లిథియంకు చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు, టాక్రోలిమస్‌కు ఉదయం మాత్ర వేసుకోకముందు రక్తం ఇవ్వాలి. చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో, రక్తం ఎన్ని గంటలకు తీశారో చీటీ మీద లేకపోతే, దయచేసి అడిగి రాయించండి.