ఫార్స్ అంటే ఒట్టి బూటకమేనా?

మొన్న ఆఫీసులో గంటన్నర మీటింగ్ అయ్యాక పక్క సీటతను "అంతా ఫార్స్ బాస్" అన్నాడు. నిర్ణయం ముందే అయిపోయింది, మా అభిప్రాయాలు మాత్రం అడిగారు. ఆ వారమే మైకేల్ ఫ్రేన్ నాటకం 'నాయిసెస్ ఆఫ్' (1982) చదివాను. అదీ ఫార్సే. రెంటికీ ఒకటే మాటేంటి?

మాట పుట్టింది వంటింట్లో. లాటిన్‌లో 'ఫార్కిరే' అంటే కూరడం. గుత్తివంకాయలో మనం కూరే కారంలాంటి దాన్ని ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ ఫార్స్ అంటారు. మధ్యయుగాల ఫ్రాన్స్‌లో మతనాటకాల మధ్య కూరిన హాస్యఘట్టాలకి ఆ పేరొచ్చింది. పోనుపోను అదే విడి నాటకమైంది: తలుపులు, దాక్కోవడాలు, ఒకరిని చూసి ఇంకొకరనుకోవడాలు. 1852లో మార్క్స్, నెపోలియన్ కథని అతని తమ్ముడి కొడుకు మళ్లీ ఆడితే అది ఫార్స్ అయిందని వెక్కిరించాడు. అంటే నాసిరకం నకలు. అక్కణ్ణించి 'బూటకం' ఎంతో దూరం లేదు.

మన 'ప్రహసనం' కూడా ఇదే దారి పట్టింది. ఏడో శతాబ్దంలో పల్లవరాజు మహేంద్రవర్మ సంస్కృతంలో రాసిన 'మత్తవిలాసం' ప్రహసనమే. ముసలాడికి చిన్నపిల్లనిచ్చే పెళ్లి మీద వీరేశలింగం రాసిన 'బ్రహ్మవివాహం' కూడా ప్రహసనమే. ఇవాళ మాత్రం 'ప్రహసనంగా మారిన విచారణ' అని వార్తల్లో చదువుతాం. నవ్వు పోయి ఏవగింపు మిగిలింది.

నా పేచీ ఇక్కడే. ఫ్రేన్ నాటకం రెండో అంకంలో మనం తెరవెనక జరిగేది చూస్తాం. నటులు చప్పుడు చెయ్యకుండా కొట్టుకుంటారు, గొడ్డలి దాకా వెళ్తుంది. అయినా తమ వంతు రాగానే స్టేజి మీదకి పరిగెడతారు. షో ఆగకూడదు మరి. నవ్వొచ్చేది ఆ ఆత్రం చూసే. వీరేశలింగం ముసలి పెళ్లికొడుకుదీ నిజమైన ఆత్రమే. కాకపోతే అక్కడ పిల్ల గుర్తొచ్చి నవ్వు సగంలో ఆగుతుంది. ఫార్స్‌లో ప్రతివాడికీ ఏదో ఒకటి కావాలి. మా మీటింగ్‌లో గంటన్నర గడవడం తప్ప ఎవరికీ ఏమీ అక్కర్లేదు. దాన్ని ఫార్స్ అనడం ఫార్స్‌కి అవమానం.

ఇంకో చిక్కుంది. 'ఫార్స్' అనేస్తే మనం టికెట్ కొనుక్కుని కూర్చున్న ప్రేక్షకులమైపోతాం, బాధ్యత స్టేజి మీదవాళ్లది. బూటకం అంటే అలా తప్పించుకోలేం, అందులో ఎవరెవరున్నారని అడగాలి.

ఇదంతా పక్క సీటతనికి చెప్పలేదు. ఆ మీటింగ్‌లో నేనూ తలూపాను.